కూర్చుని నేర్చుకోవలసిన పరుగు

వ్యాయామ ఉపాధ్యాయులను తయారుచేసే విశ్వవిద్యాలయాల మీద చాలాకాలంగా ఒక అపవాదు ఉంది. అక్కడ పట్టా పుచ్చుకుని వచ్చినవారికి ఆటల నియమాలు కంఠోపాఠమే గాని, బంతిని చూస్తే భయపడే పిల్లవాడికి దాన్ని పట్టుకోవడం నేర్పమంటే మాత్రం దిక్కులు చూస్తారన్నది ఆ అపవాదు సారాంశం. విద్యావిధానం లోతుపాతులు ఎరగనివారు మాత్రమే ఇటువంటి మాటలంటారు. పరుగు స్వతహాగా అదుపు తప్పే గుణమున్న విషయం. అందుకే విశ్వవిద్యాలయం దాన్ని ముందుగా కుర్చీలో కూర్చోబెట్టి, నిర్వచించి, వర్గీకరించి, ప్రయోజనాలను ఐదు మార్కులకూ పరిమితులను పది మార్కులకూ లొంగదీసుకున్న తరువాతే మైదానంలోకి వదులుతుంది. ఇంతటి ముందుచూపును మెచ్చుకోకపోతే పోయె, తప్పుపట్టడం ఏం న్యాయం?

శారీరక అక్షరాస్యత సంగతే చూడండి. బ్రిటిష్ విద్యావేత్త మార్గరెట్ వైట్‌హెడ్ 1993లో మెల్‌బోర్న్‌లో జరిగిన ఒక అంతర్జాతీయ మహాసభలో ఈ భావనను పండితుల ముందుంచారు. మనిషి బతికినన్నాళ్లూ శరీరాన్ని ఇష్టంగా కదిలిస్తూ ఉండాలంటే ప్రేరణ, ఆత్మవిశ్వాసం, శారీరక సామర్థ్యం, అవగాహన కలిసికట్టుగా పెరగాలన్నది దాని సారం. శరీరం వేరు, మనసు వేరు అనే పాత విభజన చెల్లదన్నది దానికి పునాది. ఆ పునాది కోసం ఆమె మెర్లో-పాంతీ, సార్త్ర్ వంటి తత్వవేత్తల దాకా వెళ్లారు. విశ్వవిద్యాలయం ఈ సిద్ధాంతాన్ని ఎంతో శ్రద్ధగా స్వీకరించింది. శరీరమూ మనసూ ఒకటేనని బోధించే ఆ తరగతిలో విద్యార్థి శరీరాన్ని గంటసేపు బల్లకు అప్పగించి, మనసుకు మాత్రమే నోట్సు చెబుతారు. సంవత్సరాంతంలో "శారీరక అక్షరాస్యతను నిర్వచించి, దాని అంగాలను సోదాహరణంగా వివరింపుము" అన్న ప్రశ్న వస్తుంది. మెడ నొప్పితో, వేళ్లు పట్టేసి, మూడు గంటలు కదలకుండా కూర్చుని జవాబు రాసినవారికి శారీరక అక్షరాస్యతలో ప్రథమ శ్రేణి దక్కుతుంది. ప్రేరణకు, ఆత్మవిశ్వాసానికి మార్కులెలా వేస్తారని అడిగితే, ఆ రెండూ అంతర్గత మూల్యాంకనం కిందికి వస్తాయని సెలవిస్తారు. అంటే హాజరు పట్టీ అన్నమాట.

ఈ విద్య అవసరం ఎంతటిదో చెప్పడానికి లెక్కలకు లోటు లేదు. 5 నుంచి 17 ఏళ్ల వయసువారు రోజుకు సగటున 60 నిమిషాలైనా ఆయాసం వచ్చేంతగా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2016 నాటి సమాచారాన్ని బట్టి 11 నుంచి 17 ఏళ్ల వారిలో 81 శాతం మంది ఆ మాత్రం కూడా కదలడం లేదు, అందులోనూ అబ్బాయిల కంటే అమ్మాయిల పరిస్థితి ఇంకా అన్యాయం. శారీరక విద్య అందరి ప్రాథమిక హక్కని యునెస్కో 1978లోనే ఒక ప్రకటనపత్రంలో రాసిపెట్టి, 2015లో దాన్ని సవరించి మరీ గుర్తుచేసింది. ఈ ఉపద్రవాన్ని విద్యావేత్తలు ఎంత తీవ్రంగా పరిగణిస్తున్నారో తెలియాలంటే వారి సదస్సుకొకసారి వెళ్లాలి. పిల్లలు కూర్చుని ఉండిపోతున్నారన్న ఆవేదనతో పెద్దలు ఉదయం నుంచి సాయంత్రం దాకా కూర్చునే ఉంటారు.

బోధనా పద్ధతుల విషయానికి వస్తే విశ్వవిద్యాలయం ఔదార్యం మరీ గొప్పది. ఉపాధ్యాయుడు అన్నీ తానే ఆజ్ఞాపించే పద్ధతి మొదలుకొని, పిల్లవాడే దారి కనుక్కునే పద్ధతి దాకా మస్కా మోస్టన్ అనే వ్యాయామ విద్యావేత్త 1966లో ఒక వరుస పేర్చి పెట్టాడు. ఆ వరుస తరువాతి కాలంలో పదకొండు పద్ధతులకు పెరిగింది. పట్టభద్రుడికి పదకొండూ వరుస తప్పకుండా వచ్చు. బడిలో అడుగుపెట్టిన తొలి రోజున విజిల్ నోట పెట్టుకోగానే వాటిలో పది పద్ధతులు ఎటుపోతాయో తెలియదు గాని, మొదటిది మాత్రం చెక్కుచెదరకుండా నిలుస్తుంది. వరసలో నిలబడు, చేతులు చాపు, దించు. పేర్ హెన్రిక్ లింగ్ వ్యాయామ శిక్షకుల కోసం స్టాక్‌హోమ్‌లో సంస్థను స్థాపించినది 1813లో. ఆయన నాటి ఆజ్ఞా వ్యాయామం రెండు శతాబ్దాల పరిశోధనను ఇంత సునాయాసంగా తట్టుకుని నిలిచిందంటే, పాతవారి పనితనం అలాంటిది మరి.

ఆటను ముందు అర్థం చేసుకోనివ్వండి, మెళకువలు అవసరం పడినప్పుడు నేర్పండి అని బంకర్, థోర్ప్ అనే ఇద్దరు 1982లో ఒక బోధనా నమూనాను ప్రతిపాదించారు. దాన్ని కూడా పాఠ్యప్రణాళికలో చేర్చారు. విద్యార్థులు ముందుగా దాని నిర్వచనం, తరువాత ఆరు దశల పటం, ఆపైన గుణదోషాలు నేర్చుకుంటారు. ఆటను అర్థం చేసుకోవడం అప్పటికి మిగిలి ఉంటే అది విద్యార్థి ఇష్టం.

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. ఈ శాస్త్రంలో నిజంగా పనికొచ్చే వివరాలు బోలెడు ఉన్నాయి, అదే ఇబ్బంది కూడా. ఒక చిన్న పాప బంతి విసరడాన్ని గమనించండి. కుడిచేత్తో విసురుతూ కుడికాలే ముందుకు వేస్తుంది. నడుము తిరగదు, భుజం తిరగదు, మోచేయి ఒక్కటే విదిలించినట్టవుతుంది, బంతి రెండడుగుల దూరంలో నేల కరుస్తుంది. చుట్టూ ఉన్నవారు నవ్వుతారు, ఈ పిల్లకు ఆటలు రావని తీర్మానిస్తారు. నిజానికి అది చేతకానితనం కాదు, విసరడం నేర్చుకునే దారిలో ఎవరైనా దాటి రావలసిన ఒక దశ. ఎడమకాలు ముందుకు వచ్చేలా నేల మీద సుద్దతో ఒక పాదం గుర్తు గీసి, పక్కకు తిరిగి నిలబడమని చెప్పి, గోడను బలంగా కొట్టమంటే చాలు, నడుము దానంతట అదే తిరగడం మొదలుపెడుతుంది. గురి గురించి మాట్లాడితే చేయి మళ్లీ బిగుసుకుంటుంది కాబట్టి మొదట దాని ఊసెత్తకూడదు. ఇవన్నీ చలన వికాసం పుస్తకాల్లో బొమ్మలతో సహా ఉన్నాయి. విద్యార్థులు ఆ బొమ్మలను రికార్డు పుస్తకంలో రంగు పెన్సిళ్లతో చక్కగా గీస్తారు, అధ్యాపకులు ఎర్ర సిరాతో సంతకం పెడతారు. ఆ పాప దగ్గర నిలబడి ఏ కాలు ముందు పడుతోందో చూడడం మాత్రం ఎవరి పనీ కాదు. చూసే కన్నుకు రికార్డు రాయడం కుదరదు కదా.

కన్ను లేకపోయినా నిర్వహణ ఉంది. నలభై మంది పిల్లలను ఒకే వరసలో నిలబెట్టి, ముందున్నవాడి చేతికి ఒకే బంతి ఇచ్చి, ఒక్కొక్కరికీ అర నిమిషం కేటాయిస్తే, తల వంతుకు ఒక్కసారి విసిరేసరికి ఇరవై నిమిషాలు గడిచిపోతాయి. మిగిలిన పందొమ్మిదిన్నర నిమిషాలూ ఒక్కొక్క బిడ్డ నిలబడడంలో తర్ఫీదు పొందుతాడు. అవుటైనవారు పక్కకు వెళ్లి కూర్చోవాలన్న ఆటలు ఇంకా శాస్త్రీయమైనవి. ఎవరికి సాధన ఎక్కువ అవసరమో వారిని మొట్టమొదటే తప్పించి, ఎవరికి అవసరం లేదో వారికి చివరిదాకా సాధన చేయించే ఏర్పాటు వాటిలో ఉంది. బీప్ టెస్టు కూడా ఈ కోవలోదే. బీప్ మోగినప్పుడల్లా ఇరవై మీటర్ల దూరాన్ని అటూ ఇటూ పరిగెత్తిస్తూ, గంటకు 8.5 కిలోమీటర్ల వేగంతో మొదలుపెట్టి, నిమిషానికి అర కిలోమీటరు చొప్పున వేగం పెంచుతూ పోతే పిల్లల దమ్ము ఎంతో తేలుతుందన్న మాట నిజమే. దాంతోపాటు, ముందుగా ఆగిపోయిన లావుపాటి కుర్రాడు గోడవారన నిలబడి, మిగతావారంతా ఆగేదాకా అందరి కళ్లలో పడుతూ ఉండాలన్న అదనపు పాఠం కూడా నడుస్తుంది. ఆత్మవిశ్వాసం అనే అంగాన్ని ఈ విధంగా ప్రయోగశాల స్థాయిలో పరీక్షిస్తారు.

చిన్న తరగతుల్లో లెక్కలూ భాషా చెప్పే టీచరుకే ఆటల పీరియడు కూడా అంటగట్టే చోట్ల ఈ చిక్కులేవీ లేవు. ఆ టీచరుకు ఈ విషయంలో ఇచ్చే శిక్షణ ఎంత తక్కువంటే, తప్పు నేర్పడానికైనా ఆస్కారం ఉండదు.

అయినా అప్పుడప్పుడు ఒక అభ్యర్థి దారి తప్పుతాడు. పరీక్షాధికారి ముందు నమూనా పాఠం చెప్పవలసిన రోజున బంతికి బదులు బెలూన్లు ఊది తెస్తాడు. బంతి దగ్గరకు వస్తుంటే పిల్లలు మొహం పక్కకు తిప్పుకుని కళ్లు మూసుకుంటారనీ, కాబట్టి ముందు మెల్లగా వచ్చే తేలికపాటి వస్తువుతో మొదలుపెట్టాలనీ ఎక్కడో చదివి నమ్మేశాడు పాపం. తలకొక బెలూను ఇస్తాడు. పిల్లలు మైదానమంతా చెల్లాచెదురై, పైకి ఎగరేసి, పరిగెత్తి, పట్టుకుని, గోలగోలగా నవ్వుతారు. పరీక్షాధికారి మూల్యాంకన పత్రం తీసి చూస్తాడు. వరసలు తిన్నగా ఉన్నాయా? లేవు. విజిల్ ఎన్నిసార్లు మోగింది? మోగలేదు. లెసన్ ప్లానులో రాసిన నాలుగు నిమిషాల వార్మప్ నాలుగు నిమిషాలకే ముగిసిందా? అసలు మొదలైనట్టే లేదు. అభ్యర్థి ఏం చేస్తున్నాడు? మోకాళ్ల మీద కూర్చుని ఒక పిల్లవాడి చేతుల వైపు చూస్తున్నాడు, అంటే తరగతికి వెన్ను చూపినట్టు.

అభ్యర్థి భవిష్యత్తు సంగతి అలా ఉంచితే, ఈ పద్ధతిని శిక్షణలో చేర్చడానికి అసలైన అడ్డంకి వేరే ఉంది. క్రీడా సామగ్రి ఏది కొన్నా స్టాకు రిజిస్టరులో ఎక్కించాలి, ఏడాది చివర తనిఖీకి లెక్క అప్పజెప్పాలి. బెలూను పగిలిపోయే వస్తువు. అదే బీరువాలో పెట్టి తాళం వేసిన బంతులైతే, ఏ ఏడాది లెక్కపెట్టినా ఒక్కటీ తగ్గకుండా, కొన్ననాటి మెరుపుతో ఉంటాయి.