సవరణ: ఆ యాప్ కిడ్నీ జబ్బును తేల్చదు

శ్రీకాకుళం విద్యార్థుల ఏఐ పోటీ గురించి మొన్న పెట్టిన పోస్టులో, ఒక జట్టు చేసిన యాప్, జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో ఎక్కువగా కనిపించే కిడ్నీ జబ్బును ఫోన్‌లోనే తేల్చేస్తుందని రాశాను. అది తప్పు. పిల్లలు అలా ఎక్కడా అనలేదు, ఆ ఉత్సాహం నాదే.

జట్టు ఇచ్చిన ప్రాజెక్టు వివరాల ప్రకారం, యాప్ వయసు, బీపీ, షుగర్, ఇంట్లో ఇంకెవరికైనా ఈ జబ్బు ఉందా అన్నవి అడిగి, ముందుగా ఎవరికి రక్తపరీక్ష చేయించాలో ఆశా కార్యకర్తకు వరస చూపిస్తుంది. అంతే.

జబ్బు తేలాలంటే సీరం క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష), మూత్రంలో ప్రొటీన్ పరీక్షలు చేయాల్సిందే. దీర్ఘకాలికం అనాలంటే ఆ పరీక్షల్లో తేడా 3 నెలలకు పైగా కనిపించాలి. ఉద్దానంలోని కవిటి, సోంపేట వైపు షుగర్ లేనివాళ్లకూ కిడ్నీలు పాడవుతున్నాయి. అందుకే యాప్ చూపే వరసలో పేరు కింద ఉందని ఎవరూ పరీక్ష మానుకోవద్దు.