పంపుకు పట్టుచీర

సబ్‌మెర్సిబుల్ పంపు, బేరింగు, గేటు వాల్వు వంటి వాటి గురించి నలుగురూ చెవి ఒగ్గి వినేలా చెప్పడానికి ఏమీ ఉండదని మన ప్రకటనల పండితులు ఏనాడో తేల్చేశారు. కాదనడానికి మనమెవరం? తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే దారిలో హోర్డింగులు చూడండి. పట్టుచీర, వడ్డాణం, జడలో మూరెడు మల్లెలు. పంపును వీణలా ఒళ్లో ఆనించుకుని ఒక నటీమణి చిరునవ్వు చిందిస్తుంటుంది. కింద ‘నాణ్యతకు మారుపేరు’. ఆ అసలు పేరేమిటో బస్సు దాటిపోయేలోగా కనపడదు. వెయ్యి అడుగుల బోరులోకి దిగేది ఆవిడ కాదు కదా అనేవాడు వట్టి రసహీనుడు.

బ్రోచరు ఇంకా పవిత్రం. మొదటి పేజీలో వ్యవస్థాపకులు, రెండో పేజీలో వారి సుపుత్రులు. ఎంత లోతు నుంచి ఎన్ని నీళ్లు తోడుతుందో చెప్పే పట్టిక మాత్రం ఆఖరి పేజీలో, చీమ తలంత అక్షరాల్లో. రైతు అది చదివితే కొంప మునుగుతుందని కాబోలు.

ఆ భయం న్యాయమైనదే. పూతలపట్టు దగ్గర టీ కొట్టులో ఒక బోరు మెకానిక్ సంచిలోంచి నల్లగా మాడిన రాగితీగ చుట్ట తీసి బల్ల మీద పెట్టాడు. ‘‘వోల్టేజి పడిపోయినా నీళ్ల బరువు తగ్గదు కదా అన్నా. అదే బరువు తోయాలని మోటారు కరెంటు ఎక్కువ లాగుతుంది. వైండింగు కాగి కాగి ఇట్లా అవుతుంది’’ అన్నాడు. చుట్ట చేతులు మారింది, ఒకాయన వాసన కూడా చూశాడు. లోతు పెరిగితే పంపులో స్టేజీలు, అంటే నీటిని పైకి నెట్టే చక్రాల వరసలు, ఎందుకు పెరగాలో అతను చెబుతుంటే అందరి టీలూ చల్లారిపోయాయి. ఇలాంటివాళ్లను అదుపు చేయకపోతే కొనేవాళ్లు ప్రశ్నలు అడగడం మొదలుపెడతారు.

చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలది మరీ నిగ్రహం. తోతాపురి గుజ్జును కాచి, చల్లార్చి, క్రిములు చొరబడని సంచిలో నింపి డ్రమ్ములో పెడితే ఫ్రిజ్ లేకుండానే నెలల తరబడి నిలుస్తుంది. ఉప్పు, కారం, నూనె ఏమీ లేకుండా! ఆవకాయ జాడీకి వాసెన కట్టే చేతులకు ఇంతకన్నా వింత కబురు ఉంటుందా? అందుకే దాన్ని దాచి, ‘వినియోగదారుల సంతృప్తే మా ధ్యేయం’ అని రాసుకుంటారు.

ఒక్క క్యాలెండరు దగ్గర మాత్రం మన వ్యాపారుల తెలివికి దండం పెట్టాలి. పైన వేంకటేశ్వరస్వామి, పాదాల కింద మోటారు బొమ్మ, ఫోను నంబరు. ఏడాది తిరిగినా దేవుడి పటాన్ని చించే ధైర్యం ఎవరికుంది? మా పూజగదిలో 2014 నాటి ఆ నంబరు నేటికీ నిత్యం హారతి అందుకుంటోంది.