సవరణ: నాటాల్ ఓడ జాబితాల్లో ఇంటిపేరు వెతకొద్దు

దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు కూలీలుగా వెళ్ళిన (1860–1911) పూర్వీకుల్ని ఓడ జాబితాల్లో ఇంటిపేరుతో వెతకమని ముందు రాశాం. అది తప్పు, దానివల్ల కొందరి వెతుకులాట దారితప్పి ఉంటుంది, క్షమించండి. ఆ జాబితాల్లో ఇంటిపేరుకు గడే లేదు. ఉన్నవి వలస నంబరు (ఒక్కో కూలీకి ఇచ్చిన సంఖ్య), పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, పుట్టుమచ్చలు. ఇప్పుడు అక్కడి వారసులకున్న ఇంటిపేరు చాలాసార్లు తొలి వలసదారు సొంత పేరే.

కాబట్టి ముందు పెళ్ళి, మరణ పత్రాల్లో వలస నంబరు పట్టుకోండి. గుమాస్తా చెవిని బట్టి అప్పలస్వామి ఒకచోట ‘అప్పల్సామి’, మరోచోట ‘అపల్సమి’ అవుతాడు. నంబరు మాత్రం మారదు. నంబరు దొరక్కపోతే పేరులో మొదటి మూడు నాలుగు అక్షరాలే కొట్టి, తండ్రి పేరు, ఊరు కలిపి చూడండి. సింహాచలం అప్పన్న పేరు ఉత్తరాంధ్రలో ఊరూరా ఉంటుంది, పేరొక్కటే సరిపోతే నమ్మకండి. వయసు అంచనాగా వేసిందే, నాలుగైదేళ్ళు అటూఇటూ చూడాలి.

మరో పొరపాటు: శ్రీకాకుళాన్ని విశాఖ జిల్లా కింద చూడమన్నాం. 1936 దాకా అది గంజాం జిల్లాలోది, జాబితాల్లో దాని రాత ‘చికాకోల్’.