ఆఖరి అధ్యాయం గారూ, మా ఊరికి రైలు రాదు

కందుకూరు నుంచి.

మహారాజశ్రీ ఆఖరి అధ్యాయం గారికి,

పిల్లలు పెద్దవాళ్ళయ్యే నవలలన్నిటికీ చివర్న తమరే కూర్చుని ఉంటారు. మూడొందల పేజీల పాటు ఏడ్చి, ప్రేమించి, అమ్మానాన్నలతో పోట్లాడి, ఒకరిద్దర్ని కాటికి సాగనంపి వచ్చిన కుర్రాణ్ణి ఎదురుగా నిలబెట్టుకుని, "సరే, నువ్వు పెద్దవాడివయ్యావు, ఇక పో" అని ముద్ర కొట్టి పంపించే ఉద్యోగం మీది. ఊహ తెలిసినప్పటి నుంచి మీ పాఠకురాలిని. ఫిర్యాదు చేసే హక్కు నాకుందనుకుంటున్నాను. లేదన్నా చేస్తాను.

ముందు ఆ రైలు సంగతి తేల్చండి. మీ దగ్గరికి వచ్చేసరికి ప్రతివాడూ రైలెక్కేస్తాడు. వాడికి కిటికీ పక్క సీటే దొరుకుతుంది. వెయిటింగ్ లిస్టులో ఉన్న హీరోని, టాయిలెట్ పక్కన సూట్‌కేసు మీద కూర్చుని ఎదిగిన హీరోని నేనింతవరకు చూడలేదు. రైలు కదులుతుంది, తాటిచెట్లు వెనక్కి పోతాయి, వాడికి జీవితం అర్థమైపోతుంది. మా కందుకూరుకి రైల్వే స్టేషనే లేదండీ. ఇక్కడ ఎవరికైనా జీవితం అర్థం కావాలంటే ముందు సింగరాయకొండ పోవాలి. బస్సు దొరక్కపోతే షేర్ ఆటో. డ్రైవరు పక్కన సగం లోపలా సగం బయటా కూర్చున్నవాడు బాల్యానికి వీడ్కోలు ఎట్లా చెబుతాడు? రెండు చేతులా కమ్మీ పట్టుకోవాలి, చెయ్యి ఊపడానికి కూడా లేదు.

ఊరు వదిలిపోయి, ఏళ్ళ తర్వాత తిరిగొచ్చి, మారిపోయిన వీధుల్ని చూసి నిట్టూర్చడం మీకు బాగా ఇష్టమైన ఇంకో ఏర్పాటు. ఆ అవకాశమూ మాకు లేదు. మా దగ్గర మనుషులు ఇంట్లో కూర్చుంటే ఊరే వెళ్ళొస్తుంది. 1970లో కొత్తగా ఒంగోలు జిల్లా పుట్టినప్పుడు కందుకూరు నెల్లూరు జిల్లాలోంచి బయటికి నడిచింది. 1972లో ఆ జిల్లాకి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. 2022లో జిల్లాలన్నీ చీల్చి కుట్టినప్పుడు మళ్ళీ తెచ్చి నెల్లూరులో కలిపారు. మా అమ్మ వంటింటి గడప దాటకుండానే రెండు జిల్లాలు తిరిగొచ్చింది, ఆవిడకి నిట్టూర్చడానికి తీరికే దొరకలేదు. పైన ఊరి పేరు ఒక్కటే రాసి జిల్లా రాయకపోవడానికి కారణం అదే. ఈ ఉత్తరం మీకు చేరేలోపు ఏం మారుతుందో ఎవరు చూడొచ్చారు?

ప్రయాణాలంటే నాకు పడదని అనుకోకండి. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి పార్వతీశం ఉన్నాడు కదా, 1924లో అచ్చులోకి వచ్చినవాడు. మొగల్తూరులో బయల్దేరి, నిడదవోలులో రైలెక్కి, మద్రాసు పోయి, అక్కణ్ణించి బారిష్టరు చదువుకి సముద్రం దాటాడు. మద్రాసు పోయే ఆ రైలు సింగరాయకొండ మీదుగానే పోయుండాలి. మా స్టేషను దాటే పోయుంటాడని తలుచుకుని ఇప్పటికీ సంబరపడతాను. అతనంటే ఇష్టం ఎందుకంటే, ప్రయాణం అతనికి జ్ఞానోదయం కలిగించదు, ఆడవాళ్ళ టోపీ పెట్టిస్తుంది. నాకు తెలిసిన ప్రయాణాలన్నీ దాదాపు అంతే చేశాయి.

బెంగాలీ రచయిత బిభూతిభూషణ్ 'పథేర్ పాంచాలి' (1929) తెలుగులో చదివినప్పుడు మాత్రం నవ్వు రాలేదు. జ్వరంతో పడుకున్న దుర్గ తమ్ముణ్ణి అడుగుతుంది, నాకు నయమయ్యాక రైలు చూపిస్తావా అని. నయం కాలేదు. తర్వాతెప్పుడో ఆ తమ్ముడు అపు అమ్మానాన్నలతో రైలెక్కి ఆ ఊరు విడిచి పోతాడు. అందరూ అపు ఎట్లా ఎదిగాడో మాట్లాడుకుంటారు. నేను పుస్తకం మూసి దుర్గ లెక్క అడిగాను. తోటల్లో పళ్ళు దొంగిలించి తమ్ముడికి పెట్టింది, ఇరుగుపొరుగుతో మాటలు పడింది, దెబ్బలు తింది, వానలో తడిసింది. పెద్దది కావడానికి ఇంకేం అర్హత కావాలి? తమరి రైల్లో ఆ పిల్లకి నిలబడే చోటు కూడా దొరకలేదు.

అసలు ఆడపిల్లల విషయానికొస్తే మీ ఆఫీసులో ఉన్నవి రెండే కౌంటర్లు. ఒకటి చావు, రెండోది పెళ్ళి.

మావైపు పిల్లల్ని పెద్దవాళ్ళని చేసే పని నవలలకి అప్పగించరు, ఊరే చేసిపెడుతుంది. ఇప్పుడైతే ఓణీల ఫంక్షన్‌కి సెంటర్లో ఫ్లెక్సీ కడతారు. మధ్యలో పిల్ల ఫొటో, చుట్టూ మేనమామలు, పైన ఏదో ఒక పార్టీ నాయకుడు. మగపిల్లలకైతే పంచెల ఫంక్షన్. మీకు మూడొందల పేజీలు పట్టే పని ఫంక్షన్ హాల్లో పదకొండింటికి మొదలై రెండింటికల్లా, బిర్యానీతో సహా, ముగిసిపోతుంది. "తల కొంచెం ఎత్తమ్మా" అంటాడు ఫొటోగ్రాఫరు. పిల్ల తల ఎత్తుతుంది. అయిపోయింది, పెద్దదైంది.

నా రోజుల్లో ఫ్లెక్సీలు లేవు. వసారాలో ఒక మూల చాప, పక్కనే విడిగా నా కంచం, నా గ్లాసు. నువ్వులూ బెల్లం దంచి కట్టిన చిమ్మిలి ఉండలు అత్తలు ఒకరి తర్వాత ఒకరు నోట్లో కుక్కేవాళ్ళు. ఆ జిడ్డు వేళ్ళకి, వేళ్ళ నుంచి పుస్తకానికి. చాప కింద దాచిన ఆ పుస్తకం లూయిసా మే ఆల్కాట్ 'లిటిల్ విమెన్'కి కుదించిన ప్రతి, బస్టాండు దగ్గర అద్దె పుస్తకాల బంకులోంచి తెచ్చింది. ఇంగ్లీషు సగం అర్థమయ్యేది, మిగతా సగం నేను కల్పించుకునేదాన్ని. చివరి పేజీలు లేవు. పొట్లాలకి చించుకున్నారో, చెదలు తిన్నాయో! తమరు లేని నవల కాబట్టి బ్రహ్మాండంగా ఉండేది. అందులో జో అనే పిల్ల అటక మీద కూర్చుని రాసుకుంటూనే ఉంది. పెళ్ళి కాలేదు, ఎప్పుడని ఎవరూ అడగలేదు. చాలా ఏళ్ళు నా తలకాయలో ఆ పిల్ల అట్లాగే బతికింది.

డిగ్రీలో పూర్తి పుస్తకం దొరికింది. మీరున్నారు. జోకి ఒక జర్మన్ ప్రొఫెసరుని కట్టబెట్టి కూర్చున్నారు. దాని వెనక కథ తర్వాత తెలిసింది. 1868లో మొదటి భాగం వచ్చాక అమ్మాయిలు రచయిత్రికి ఒకటే ఉత్తరాలట, ఈ అక్కచెల్లెళ్ళు ఎవరెవర్ని చేసుకుంటారు అని. ఆడదాని బతుక్కి అదొక్కటే గమ్యం అయినట్టు అడుగుతున్నారని ఆవిడ డైరీలో విసుక్కుంది. ఎవరేమనుకున్నా పక్కింటి కుర్రాడు లారీకి మాత్రం జోని ఇవ్వనని భీష్మించింది, ఆ పంతంతోనే ఈ ప్రొఫెసరుని పట్టుకొచ్చింది. ఆవిడ మటుకు పెళ్ళే చేసుకోలేదు. ఆ ఉత్తరాలు రాసింది ఎవరనుకుంటున్నారు? మా అత్తలే. అమెరికాలో ఉన్నా, అప్పటికి ఇంకా పుట్టకపోయినా, మా అత్తలు కాక ఇంకెవరు రాస్తారు?

సిఫార్సులకి లొంగడం మీకు మొదటి నుంచీ అలవాటే లెండి. డికెన్స్ 'గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్' 1860-61లో వారం వారం వచ్చింది. ఆయన మొదట రాసిన ముగింపులో హీరో పిప్, అతను ప్రేమించిన ఎస్టెల్లా లండన్ వీధిలో కాసేపు ఎదురుపడి, ఎవరి దారిన వాళ్ళు పోతారు. ప్రూఫులు చదివిన స్నేహితుడు బుల్వర్ లిట్టన్, ఆయనా నవలలు రాసినవాడే, ఇట్లా వద్దన్నాడు. డికెన్స్ ఇద్దర్నీ కలిపేట్టు మార్చేశాడు. పాతది ఆయన పోయాక, ఫార్‌స్టర్ రాసిన జీవితచరిత్రలో బయటపడింది. అంటే "మనవాళ్ళే, కాస్త చూడండి" అని ఒక పెద్దమనిషి చెబితే అయిపోయిన పని అన్నమాట. ఇది తెలియక నేను పరీక్షలో ఆ కొత్త ముగింపులోని పొగమంచుకి అంతరార్థం ఏమిటో రెండు పేజీలు రాసి, అడిషనల్ షీట్ కూడా తీసుకున్నాను. నన్నడిగితే పాత ముగింపే మేలు. అందులో ఎస్టెల్లాకి వేరే మొగుడు, వేరే బతుకు ఉన్నాయి. పిప్ ఎదిగాడా లేదా అన్నది ఆవిడ తలనొప్పి కాదు.

అందరికంటే ఎక్కువ పేరున్న పదహారేళ్ళ కుర్రాడు 1951లో వచ్చిన 'ద క్యాచర్ ఇన్ ద రై'లో ఉన్నాడు. నాలుగు సబ్జెక్టులు పోయి, బడిలోంచి పంపించేస్తే, వెంటనే ఇంటికి పోకుండా న్యూయార్కులో హోటల్ గది తీసుకుని, చలికాలం పార్కులో బాతులు ఎక్కడికి పోతాయని టాక్సీ డ్రైవర్లని అడుగుతూ తిరుగుతాడు. మావైపు నాలుగు సబ్జెక్టులు పోయినవాడికి అంత తీరిక ఉండదు, సప్లిమెంటరీ ఫీజు కట్టాలి. పోనీ పారిపోదామని బస్టాండుకి వస్తే అక్కడ ఎవరో ఒక చిన్నాయన ఉండనే ఉంటాడు. "ఏందిరా అబ్బాయ్, యాడికి? నాయనకి తెలుసా?" ఒంటరితనం అనేది మా ఊళ్ళో దొరికే సరుకు కాదు. సగం మంది చుట్టాలు, మిగతా సగం నాయనకి అప్పిచ్చినవాళ్ళు. ఇక బాతులంటారా, మమ్మల్ని అడిగుంటే చెప్పేవాళ్ళం. చలికాలం వస్తే పక్షులు పులికాట్‌కో, నేలపట్టుకో వస్తాయి. టాక్సీ డ్రైవర్లతో పనేముంది?

అయినా ఆ పుస్తకంలో మీరు నాకు నచ్చారు. పొగడాల్సిన చోట పొగడాలి కదా. పట్టుమని రెండు పేజీలు లేరక్కడ. చెప్పేది ఇంతే అనేస్తాడు వాడు. మారిపోయాను అనడు, తెలుసుకున్నాను అనడు. ఎవరికీ ఏమీ చెప్పకండి, చెబితే అందరూ గుర్తుకొస్తారు అని మాత్రం అంటాడు. మిగతా నవలల్లో కూడా తమరు అంత నోరు కట్టుకుని ఉంటే ఎంత బాగుండేది!

ఇక మా తమ్ముడి సంగతి. ఇది మీ రికార్డుల్లో ఉండదు, అందుకే రాస్తున్నాను. నాయనకి ఒంట్లో బాగాలేని ఏడాది వాడే పొగాకు బేళ్ళు వేలానికి తీసుకెళ్ళాడు. ఇంటర్ చదవాల్సిన వయసు. పొగాకుని వేడి మీద ఆరబెట్టే బ్యారన్ దగ్గర మంచం వేసుకుని, రాత్రిళ్ళు లేచి లేచి, జానెడు అద్దంలోంచి టార్చి కొట్టి థర్మామీటరు చూసుకుంటూ, వేడి ఎక్కితే ఆకు మాడుతుందనీ తగ్గితే రంగు రాదనీ కాపలా కాసిన ఆకు. వేలంలో దాని ముందు ఎవరూ ఆగలేదు. నోబిడ్. బేళ్ళన్నీ మళ్ళీ ట్రాక్టరుకెత్తించుకుని వచ్చాడు. వచ్చి కాళ్ళు కడుక్కున్నాడు. గేదెకి కుడితి పెట్టాడు. అన్నం తింటుంటే మంచం మీంచి నాయన అడిగాడు, "ఏమైందిరా?" అని. "ఇయ్యాళ రద్దీగా ఉంది నాయనా, మనదాకా రాలేదు" అన్నాడు, తల ఎత్తకుండా, పప్పులోకి ఇంకాస్త నెయ్యి వేసుకుంటూ. ఎప్పుడైనా అప్పులవాళ్ళు వస్తే అరుగు మీద నాయన మాట్లాడే గొంతు అది. నాయన ఇంకేమీ అడగలేదు. ఆ పూట తమరెక్కడున్నారండీ? లండన్లో ఎవరికో ఆస్తి కలిసొచ్చేట్టు చూస్తున్నారా?

మీ రైలుకి ఒక అవకాశం ఇచ్చి చూశాం కూడా. మా అమ్మాయి చదువుకి చెన్నై పోయింది. మీ హీరోలు ఒంటరిగా పోతారు, మేము రెండు ఆటోల నిండా సింగరాయకొండ పోయాం. రైలు ఆగే ఆ కాస్తలో కన్నీళ్ళు పెట్టుకోవాలా, సంచులెక్కించాలా? సంచులే ఎక్కించాం. గోంగూర పచ్చడి సీసా, బియ్యం మూట, ఉలవపాడు మామిడికాయలు. చెన్నైలో బియ్యం దొరకవా అని పిల్ల అడిగింది కానీ అప్పటికే మూట లోపలికి పోయింది. అదృష్టం కొద్దీ కిటికీ సీటే వచ్చింది. మీరు నేర్పినట్టే చువ్వలకి చెంప ఆనించి కూర్చుంది. ఉలవపాడు దాటకముందే మా అత్త ఫోను: "యాడిదాకా వచ్చినావమ్మా?" తెట్టు దగ్గర మా అమ్మ: "పెరుగన్నం ముందు తినెయ్, పులిసిపోద్ది." కావలిలో తమ్ముడు: "టీసీ వచ్చాడా?" బిట్రగుంటలో మళ్ళీ మా అత్త, ఇందాక ఏం చెప్పిందో మర్చిపోయి. పెన్న బ్రిడ్జి మీద, కింద ఇసుకా నీళ్ళూ మెరుస్తూ, మీ వాళ్ళకైతే సరిగ్గా అంతా బోధపడే చోట, నేను చేశాను, ఛార్జరు పెట్టుకున్నావా అని.

పెట్టుకోలేదు.

కాబట్టి దాని ఎదుగుదల ఏమన్నా ఆలస్యమైతే బాధ్యత మా కుటుంబానిదే, తమరిది కాదని ఇందుమూలంగా తెలియజేసుకుంటున్నాను.

ఇట్లు,
తమ పాత పాఠకురాలు

తా.క.: ఆ బ్యాగులో ఒక నవల కూడా పెట్టుకుంది. ఎక్కడిదాకా చదివావు అని రాత్రి ఫోన్లో అడిగితే, ముందు ఆఖరి పేజీలే చదివేసిందట. "అంత గొప్పగా ఏం లేదమ్మా. మధ్యలో బాగుంటుందేమో చూస్తా" అంది.