అణు రాకెట్ మెసేజ్‌కి మిద్దె మీద ట్యూషన్ మాస్టారి జవాబు

సాయంత్రాలు మా మిద్దె మీద ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. మొన్న కరెంటు పోయింది. వచ్చేదాకా అందరూ ఫోన్లలో తలలు పెట్టారు. ఒకడు తన ఫోన్ నా ముందుకు తోశాడు. “సార్, అంగారకుడి మీదికి నెలన్నరలో పోవచ్చంట. నిజమేనా?”

అదే మెసేజ్ ఆ పొద్దున మా బావమరిది పంపాడు. అంతకు ముందు రోజు వీధి గ్రూపులో వచ్చింది. మా తిరుపతి బైరాగిపట్టెడలో పాలప్యాకెట్ కన్నా ముందు ఇంటికి చేరేది వాట్సాపే. అందులో ఉన్నది ఇది: “నాసా అణు రాకెట్ తయారు చేసేసింది. ఇక 45 రోజుల్లో అంగారకుడు. వ్యోమగాములకు ఎముకలు అరగడం, పిచ్చెక్కడం ఉండదు. మనవాళ్లు మాత్రం నిద్రపోతున్నారు. అయినా ఆ రాకెట్ శ్రీహరికోటలో పేలితే అది అణుబాంబే, తిరుపతి మిగలదు. ఈ డబ్బుతో ఎన్ని ఆస్పత్రులు కట్టొచ్చు? అందరికీ పంపండి.”

పిల్లవాడికి అప్పుడు రెండు ముక్కల్లో చెప్పి ఊరుకున్నాను. బావమరిదికి రెండు ముక్కలు చాలవు కాబట్టి ఇది రాస్తున్నాను.

“తయారు చేసేసింది.”

చేయలేదు. 2023 జనవరిలో నాసా, కొత్త ఆలోచనలను ప్రోత్సహించే తన పథకం కింద, ఫ్లోరిడా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఒక ప్రతిపాదనను మొదటి దశ అధ్యయనానికి ఎంపిక చేసింది. 45 రోజుల మాట అందులోదే. మొదటి దశ అంటే తొమ్మిది నెలల పాటు లెక్కలు వేసి, ఇది సాధ్యమా కాదా అని చూసుకోవడం. ఇంటికి ప్లాన్ గీయించుకున్నవాడు గృహప్రవేశం కార్డులు పంచినట్టుంది ఈ మెసేజ్.

అదే నెలలో ఇంకో వార్త వచ్చింది. నాసా, అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా కలిసి డ్రాకో అనే అణు ఇంజిన్‌ను 2027 నాటికి అంతరిక్షంలో పరీక్షిస్తామన్నాయి. ఈ రెండు వార్తలూ ఎవరి బుర్రలోనో కలిసిపోయి “తయారు చేసేసింది” అయ్యాయని నా అనుమానం. డ్రాకో కూడా ఎగరలేదు. 2025లో దాన్ని ఆపేశారు.

అసలు అణు ఇంజిన్ కొత్త సంగతేమీ కాదు. 1955లో అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో రోవర్ అనే అణు ఇంజిన్ ప్రాజెక్టు మొదలైంది, తర్వాత దానికి నెర్వా అనే ఇంకో ప్రాజెక్టు తోడైంది. నెవాడా ఎడారిలో ఇంజిన్లను నేలకు బిగించి నడిపి చూశారు. 1968లో ఫీబస్-2ఎ అనే రియాక్టర్ 4,000 మెగావాట్ల వేడిని పుట్టించింది. కూడంకుళం అణు విద్యుత్ కేంద్రంలో ఒక్కో రియాక్టర్ పుట్టించే వేడి 3,000 మెగావాట్లు. దాన్ని మించింది, అదీ రాకెట్‌లో పట్టే సైజులో! కానీ చంద్రుడి మీద కాలు పెట్టాక అమెరికాకు అంగారకుడి మీద మోజూ తగ్గింది, డబ్బూ తగ్గింది. 1973లో అన్నీ కట్టేశారు. ఆ ఇంజిన్లలో ఒక్కటి కూడా నేల విడిచి పోలేదు.

“45 రోజుల్లో అంగారకుడు.”

అణు ఇంజిన్ ఎందుకు మెరుగో మొదట ఒప్పుకుందాం. మామూలు రాకెట్‌లో హైడ్రోజన్, ఆక్సిజన్ మండి నీటి ఆవిరిగా వెనక్కి తన్నుకొస్తాయి. అణు ఇంజిన్‌లో మండేది ఏమీ లేదు. రియాక్టర్ వేడికి హైడ్రోజన్ కాగి అదొక్కటే బయటికి దూకుతుంది. నీటి అణువు బరువు 18 అయితే హైడ్రోజన్ అణువు బరువు 2. తేలికైనది కాబట్టి ఎక్కువ వేగంగా పోతుంది, రాకెట్‌ను అంత గట్టిగా ముందుకు తోస్తుంది. ఇంధనం ఎంత బాగా పని చేస్తుందో ఇంజనీర్లు సెకన్లలో కొలుస్తారు: మంచి రసాయన ఇంజిన్‌కి 450, అణు ఇంజిన్‌కి 850 నుంచి 900 దాకా. అంటే అదే కిలో ఇంధనంతో దాదాపు రెట్టింపు పని.

రెట్టింపు అన్నాను, ఏడు రెట్లు అనలేదు. మన మంగళయాన్ 2013 నవంబర్ 5న హరికోట నుంచి లేచి 2014 సెప్టెంబర్ 24న అంగారకుడి చుట్టూ కక్ష్యలో చేరింది. మధ్యలో పది నెలలకు పైగా పట్టింది, అంటే 45 రోజులకు దాదాపు ఏడు రెట్లు. తొందరగా పోవాలంటే వేగం పెంచాలి. ఈ మెసేజ్ పంపేవాళ్లెవరూ ఆలోచించని సంగతి ఒకటుంది: ఎంత వేగంగా పోతే అక్కడ అంత గట్టిగా బ్రేక్ వేయాలి. తిరుమల ఘాట్ రోడ్డులో దిగే బస్సు డ్రైవర్‌ను అడిగితే చెబుతాడు, వేగం కన్నా బ్రేకే పెద్ద పని అని. మంగళయాన్ నింపాదిగా పోయింది. అయినా ఆగడానికి 23 నిమిషాలకు పైగా ఇంజిన్ మండించాల్సి వచ్చింది. నెలన్నరలో దూసుకెళ్లే నౌక ఆగడానికి ఎంత ఇంధనం మోసుకుపోవాలో చూసుకోండి. అందుకే ఫ్లోరిడా ప్రతిపాదనలో వేడి ఇంజిన్‌తో పాటు, తక్కువ ఇంధనంతో ఎక్కువ కాలం తోసే విద్యుత్ ఇంజిన్ కూడా కలిపారు.

ఈ మెసేజ్‌కి “30 రోజులు” అనే తమ్ముడు కూడా ఉన్నాడు. అది 2025లో రష్యా అణు సంస్థ రొసాటమ్ చూపించిన ప్లాస్మా ఇంజిన్ నుంచి పుట్టింది. దాన్ని నేల మీద ప్రయోగశాలలోనే నడుపుతున్నారు. అది తోసే బలం 6 న్యూటన్లని వాళ్లే చెప్పారు. పిల్లలకు న్యూటన్లంటే అర్థం కాదని కింద కిరాణా కొట్టుకు తీసుకెళ్లాను. అన్న దగ్గర ఇంకా పాత త్రాసు ఉంది. అరకిలో రాయి, దాని పక్కన వంద గ్రాముల రాయి ఒక పళ్లెంలో పెట్టించి, ఆ పళ్లేన్ని అరచేతి మీద నిలబెట్టుకోమన్నాను. “అంతేనా సార్!” అన్నాడు మొన్న ఫోన్ తోసినవాడు. అంతే. అంతరిక్షంలో అడ్డు లేదు కాబట్టి ఆ కాస్త బలంతోనే వారాల తరబడి తోస్తూ పోతే వేగం కూడుతుంది, అది నిజం. కానీ నలుగురు మనుషులు, వాళ్ల తిండి, నీళ్లు, గాలి, ఇల్లు అంతటినీ ఆరు వందల గ్రాముల బలంతో నెల రోజుల్లో అంగారకుడికి చేర్చడం కుదరదు. కొట్టు అన్న మాత్రం, ఇంతమంది వచ్చి ఏమీ కొనకుండా పోతున్నామని గునిశాడు. తలా ఒక వేరుశనగ చిక్కీ కొన్నాం.

“ఎముకలు అరగడం, పిచ్చెక్కడం ఉండదు.”

ఎక్కువ నష్టం చేసే వాక్యం ఇదే. ఇంజిన్ బాగుంటే మనిషి బాగుంటాడన్న భ్రమ ఇందులో ఉంది.

ఎముకల లెక్క చూడండి. బరువు లేని చోట తుంటి ఎముక నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా తగ్గుతుంది. అందుకే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉండేవాళ్లు రోజూ రెండు గంటలకు పైగా వ్యాయామం చేస్తారు. ప్రయాణం తగ్గితే ఈ నష్టం కూడా తగ్గుతుంది, పూర్తిగా పోదు. పైగా 45 రోజులన్నది వెళ్లడానికి మాత్రమే. అక్కడ ఉండేది, తిరిగొచ్చేది లెక్కలో లేవు. అక్కడ గురుత్వం మనకున్నదాంట్లో 38 శాతమే. ఆ 38 శాతం ఎముకలకు సరిపోతుందో లేదో తేల్చడానికి ఇంతవరకు ఎవరూ అక్కడికి వెళ్లలేదు.

రేడియేషన్ విషయంలో మాత్రం మెసేజ్ వైపు కొంత న్యాయం ఉంది. నాసా పంపిన క్యూరియాసిటీ అనే బండి అంగారకుడికి పోతూ దారిలో కొలిచింది: రోజుకు 1.8 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి అందే రేడియేషన్‌ను కొలిచే లెక్క ఇది). భూమి మీద సగటు మనిషికి ప్రకృతి నుంచి ఏడాదికంతా అందేది 2.4. అంటే 180 రోజుల ప్రయాణానికి 324, 45 రోజులకైతే 81. నాసా ఒక వ్యోమగామికి జీవితకాలం మొత్తానికి పెట్టిన పరిమితి 600. అణు రాకెట్ కావాలనే శాస్త్రవేత్తల అసలు వాదన ఇదే: రేడియేషన్‌లో గడిపే రోజులు తగ్గించడం. మెసేజ్ రాసినాయన ఈ ఒక్క మంచి మాటను వదిలేసి మిగిలినవన్నీ రాశాడు.

ఇక “పిచ్చెక్కడం”. ముందు ఆ మాట తీసేద్దాం. బయటికి పోలేక, అవే నాలుగు ముఖాలు చూస్తూ నిద్ర చెడి దిగులు పడే మనిషికి మనం పెట్టే పేరు అది కాదు. ఇది రోజుల లెక్క మాత్రమే అయితే అంగారక యాత్రను నేల మీదే నటించి చూసిన మాస్కో ప్రయోగం మార్స్-500 ఎందుకు? 2010 జూన్ 3 నుంచి 2011 నవంబర్ 4 దాకా, 520 రోజులు, ఆరుగురు ఒక భవనంలోని ఇనుప గదుల్లో ఉన్నారు. రాకెట్ లేదు, రేడియేషన్ లేదు, బరువు లేకుండా తేలడం లేదు. తలుపు తీస్తే ఊరే. అయినా ఆరుగురిలో ఒకరికి దాదాపు మొదటి నుంచి చివరి దాకా డిప్రెషన్ లక్షణాలు కనిపించాయి. నమోదైన గొడవల్లో 85 శాతం, బాగా ఒత్తిడికి, అలసటకు లోనైన ఇద్దరు చెప్పినవే. ఇంకో ఇద్దరు మాత్రం ఏ ఇబ్బందీ లేకుండా గడిపేశారు. ఒకే గది, ఒకే తిండి, అవే రోజులు, మనుషులు వేరు. మనస్తత్వ శాస్త్రవేత్తలు వెతుకుతున్నది దీన్నే: ఎవర్ని పంపాలి, ఎవరి పక్కన ఎవర్ని కూర్చోబెట్టాలి. ఇంజిన్ మారిస్తే తేలే ప్రశ్న కాదిది. పెళ్లిచూపుల్లో కుర్రాడి బండి మైలేజీ అడిగితే కాపురం సంగతి తెలుస్తుందా?

ఇంకొకటి కూడా ఉంది. అంగారకుడు దూరంగా ఉన్నప్పుడు ఒక మాట అక్కడి నుంచి ఇక్కడికి రావడానికి 22 నిమిషాల దాకా పడుతుంది. “అమ్మా, ఎలా ఉన్నావు?” అని అడిగితే జవాబు ముప్పావు గంటకు. ఎంత గొప్ప రాకెట్ అయినా ఆ ఆలస్యాన్ని తగ్గించలేదు. వెలుతురు వేగమే అంత.

“మనవాళ్లు నిద్రపోతున్నారు.”

దీనికి పెద్ద జవాబు అక్కర్లేదు. చిత్తూరు దారిలో గాదంకి దగ్గర బస్సు దిగి చూడండి. మన అంతరిక్ష శాఖ వాళ్ల రాడార్‌లో 1,024 యాంటెన్నాలు వరసగా ఆకాశం వైపు చూస్తూ పై గాలులను కొలుస్తుంటాయి. 2025లో మన వ్యోమగామి శుభాంశు శుక్లా అంతరిక్ష కేంద్రంలో మెంతులు, పెసలు మొలకెత్తించి వచ్చాడు. అణుశక్తి వైపు చేసిన పని కింది ప్రశ్నకే జవాబు కాబట్టి అక్కడ చెబుతాను.

“హరికోటలో పేలితే తిరుపతి మిగలదు.”

రేడియోధార్మిక పదార్థం హరికోట నుంచి ఇప్పటికే ఎగిరింది బావా. 2023 జులై 14న చంద్రయాన్-3 ప్రొపల్షన్ మాడ్యూల్‌లో రెండు చిన్న అణు హీటర్లు పోయాయి. మన అణుశక్తి విభాగం వాళ్లే చేశారు. ఒక్కోటి ఒక వాట్ వేడి ఇస్తుంది. ఆ రోజు నువ్వు శ్రీకాళహస్తిలో రోడ్డు పక్కన నిలబడి రాకెట్ వీడియో తీసి నాకే పంపావు.

రియాక్టర్ పెద్దదే, హీటర్‌తో పోలిక లేదు, ఒప్పుకుంటాను. కానీ అణు ఇంజిన్‌ను నేల మీద వెలిగించి పైకి పంపరు. చల్లగానే పంపి, పైన ఎత్తయిన కక్ష్యలో చేరాక ఆన్ చేయాలన్నది డ్రాకో ప్రణాళిక. ఇంకా నడవని రియాక్టర్‌లో ఉండేది కొత్త యురేనియం. దాని రేడియేషన్ చాలా తక్కువ. భయపడాల్సిన పదార్థాలు రియాక్టర్ నడిచాకే పుడతాయి. బాంబు కావాలంటే దానికి తగ్గ శుద్ధి, అమరిక కావాలి. డ్రాకోకు అనుకున్న ఇంధనంలో, చీలి శక్తినిచ్చే రకమైన యురేనియం-235 శాతం 20 లోపు, బాంబుకు అది చాలదు. రాకెట్ పేలితే ముక్కలు పడతాయి, బాంబు పేలదు. పైగా హరికోట రాకెట్లు తిరుపతి వైపు రావు, సముద్రం మీదికి పోతాయి.

భయానికి ఆధారమే లేదని మాత్రం అనను. 1978 జనవరి 24న సోవియట్ ఉపగ్రహం కాస్మోస్-954 అదుపు తప్పి, నడిచిన రియాక్టర్‌తో సహా ఉత్తర కెనడా మీద పడింది. మంచులో రేడియోధార్మిక ముక్కలు ఏరుకోవాల్సి వచ్చింది. అసలు ప్రమాదం అక్కడుంది: పైకి పోయేటప్పుడు కాదు, నడిచిన రియాక్టర్ కిందికి వస్తే. ప్రశ్న వేయాలంటే కక్ష్య ఎంత ఎత్తు, పని అయ్యాక దాన్ని ఎక్కడ వదిలేస్తారు అని వేయాలి.

“ఆస్పత్రులు కట్టొచ్చు.”

అంతరిక్షంలో నేర్చినవి ఆస్పత్రులకూ పనికొస్తాయి. అంతరిక్ష కేంద్రంలో ఒక వ్యోమగామికి మెడలోని పెద్ద సిరలో రక్తం గడ్డకట్టింది. అదీ పరిశోధన కోసం చేసిన స్కాన్‌లో బయటపడింది. డాక్టర్ భూమ్మీద, రోగి పైన. స్కాన్ యంత్రం ఎక్కడ ఆనించాలో కింది నుంచి చెబుతూ, ఉన్న కాస్త మందును పొదుపుగా వాడుతూ, తర్వాతి సరుకుల నౌకలో మాత్రలు పంపి నయం చేశారు. దూరం నుంచి వైద్యం చేయడం మన ఉమ్మడి జిల్లాకు ఎప్పుడో తెలుసు. ఇస్రో ఉపగ్రహం ద్వారా చిత్తూరు జిల్లా అరగొండ ఊరి ఆస్పత్రిని చెన్నై డాక్టర్లతో కలిపి ఇరవై ఏళ్లు దాటింది. దేశంలో టెలిమెడిసిన్ మొదటి అడుగుల్లో అదొకటి.

ఆస్పత్రుల మీద మంట నాకూ ఉంది. మా అమ్మ మోకాలి స్కాన్‌కి ఒక ఆస్పత్రిలో మూడు సార్లు తేదీ మార్చారు. మూడోసారి కౌంటర్ దగ్గర గట్టిగా అడిగాను. యంత్రం ఉందట, కొత్తదేనట. నడిపే టెక్నీషియన్ బదిలీ అయ్యాడట, ఆ పోస్టులోకి ఇంకా ఎవరూ రాలేదట.