తోక టోపీ

పిన్ని ఫోటో పంపింది. అందులో పిన్ని మనవడున్నాడు, వాడి నెత్తిన టోపీ ఉంది, టోపీ చివర మాత్రం ఫోటోలో లేదు. కాసేపటికి ఇంకో ఫోటో వచ్చింది. అందులో టోపీ చివర ఉంది, మనవడు లేడు.

కింద ఒక్క ముక్క రాసింది: "నువ్వు చెప్పినట్టే చేశానే. కొంచెం పొడుగొచ్చింది."

ఆ టోపీ డిజైన్ నాది. డిజైన్ అంటే మరీ పెద్ద మాటేమీ కాదు. ఊలు అల్లడం నాకు చాలా ఏళ్లుగా వచ్చు. నాకు అనడం కంటే నా చేతులకి వచ్చు అనాలి. టీవీ చూస్తూ, ఫోన్‌లో మాట్లాడుతూ, ఒక్కోసారి కునుకు తీస్తూ కూడా అల్లేస్తాను. అలాంటిది మా వదిన, "ఆ టోపీ ఎలా అల్లావో రాసి పంపవూ" అనేసరికి, రాయడానికెంతసేపు అనుకున్నాను. కాగితం ముందు కూర్చున్నాకే తెలిసింది, ఎలా అల్లానో నాకూ తెలియదని. చేతులు ఇన్నాళ్లుగా నాతో చెప్పకుండానే కాపురం చేసేస్తున్నాయి. చివరికి పక్కన పెన్నూ పుస్తకం పెట్టుకుని, నా చేతుల మీద నేనే నిఘా వేసుకుని, అదే టోపీ మళ్లీ మొదట్నుంచి అల్లాను.

లెక్కలు కూడా వేశాను. పెద్దవాళ్ల తల చుట్టుకొలత ఇంచుమించు 56 సెంటీమీటర్లు. టోపీ సరిగ్గా అంతే ఉంటే నెత్తిన నిలవదు. అల్లిక సాగుతుంది కాబట్టి ఓ 5 సెంటీమీటర్లు తక్కువే ఉండాలి. నా ఊలుకి, నా సూదులకి 10 సెంటీమీటర్ల వెడల్పులో 22 కుట్లు వస్తాయి. ఆ లెక్కన 51 సెంటీమీటర్లకి 112. ఈ 112 దొరికినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. అంచున రెండు నిట్ (మామూలు కుట్టు), రెండు పర్ల్ (తిరగేసిన కుట్టు) చొప్పున రిబ్బు, అంటే సాగే చారలు, రావాలంటే కుట్లు 4తో భాగించాలి. నెత్తి దగ్గర ఎనిమిది భాగాలుగా తగ్గించుకురావాలంటే 8తో భాగించాలి. 112 రెండింటితోనూ శేషం లేకుండా పోతుంది! జాతకాలు కలవడమంటే ఇదీ అన్నాను. "8తో పోయేది 4తో ఎలాగూ పోతుంది కదమ్మా" అన్నాడు మా అబ్బాయి. వాడికి కళాహృదయం లేదు.

పాటర్న్ రాసేవాళ్లకి ఒక పొదుపు అలవాటుంది. వరసలో ఒకే పని ఎనిమిదిసార్లు చేయాలంటే ఎనిమిదిసార్లు రాయరు. ఆ పనికి అటొక స్టార్ గుర్తు, ఇటొక స్టార్ గుర్తు పెట్టి ఊరుకుంటారు. స్టార్ల మధ్య ఉన్నది వరస పూర్తయ్యేదాకా మళ్లీ మళ్లీ చేయాలని పైన ఒక్కసారి చెబితే చాలు. నేనూ అలాగే రాశాను. "12 నిట్, 2 కలిపి 1" అని రాసి, అటూ ఇటూ రెండు స్టార్లు. తర్వాత వరస సాదా. ఆపై వరసలో "11 నిట్, 2 కలిపి 1", దానికీ రెండు స్టార్లు. ఇలా సున్నా దాకా అన్నీ రాసి, "8 కుట్లు మిగిలేదాకా ఇలాగే చేయాలి, వాటిలోంచి దారం లాగి బిగించాలి" అని ముగించి, మొత్తం ఫోన్‌లో టైప్ చేసి, ఆడవాళ్ల గ్రూపులో పెట్టేశాను. పంపాక మళ్లీ చదువుకునే అలవాటు నాకు లేదు. రాసిందాన్ని నేనే కదా, అందులో ఏముందో నాకు తెలియదా?

పిన్నికి ఫోన్ చేశాను.

"పిన్నీ, నెత్తి దగ్గర వరసకి ఎనిమిది కుట్లు తగ్గించలేదా?"

"ఎక్కడ రాశావే అలా? పన్నెండు నిట్, రెండు కలిపి ఒకటి అన్నావు. పన్నెండు చేశాను, రెండు కలిపాను. మిగతావి మామూలుగా అల్లేశాను. ఆపై వరసకి పదకొండన్నావు, తర్వాత పదన్నావు. అలా సున్నా దాకా వచ్చి చూసుకుంటే ఇంకా తొంభైతొమ్మిది ఉన్నాయి. ఎనిమిది మిగిలేదాకా ఇలాగే చేయమన్నావు కదా అని మళ్లీ పన్నెండు దగ్గర్నుంచి ఎత్తుకున్నాను. అట్లా మొత్తం ఎనిమిదిసార్లు."

"మధ్యలో అనుమానం రాలేదా?"

"ఎందుకు రాలేదూ. ఈ కాలపు డిజైన్ కాబోలనుకున్నాను."

"మరి స్టార్ల మధ్య ఉన్నది మళ్లీ మళ్లీ చేయమని పైన రాశాను కదా!"

"స్టార్లేవే? కళ్లజోడు పెట్టుకుని మరీ వెతికాను. ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ పన్నెండు నిట్, పదకొండు నిట్ మాత్రం లావు అక్షరాల్లో రాశావు. ముఖ్యమని చెప్పి, వాటిని ఒక్క పొరపాటు లేకుండా చేశాను."

ఫోన్ పెట్టేసి గ్రూపు తెరిచాను. నిజమే, ఒక్క స్టార్ కూడా లేదు. నేను స్టార్లు పెట్టిన ప్రతి ముక్కా బొద్దుగా, నల్లగా మెరిసిపోతోంది. మాటకి అటూ ఇటూ స్టార్ పెడితే ఆప్ ఆ రెంటినీ మింగేసి మాటని లావు చేస్తుందట. ఆ సంగతి మా అబ్బాయికి తెలుసు. "అందరికీ తెలుసమ్మా" అన్నాడు. అందరిలో నేనూ పిన్నీ లేము.

లెక్క చూద్దును కదా, పిన్ని పనిలో తప్పు లేదు. నా లెక్కలో తగ్గింపు వరసకి 8 కుట్లు పోతాయి. అలాంటివి 13 వరసలు నడిస్తే 104 పోయి 8 మిగులుతాయి. పిన్ని వరసకి ఒక్కటే తగ్గించింది కాబట్టి ఆ 104 పోవడానికి 104 తగ్గింపు వరసలు, నడుమ అన్నే సాదా వరసలు, వెరసి 208. 10 సెంటీమీటర్ల ఎత్తుకి 30 వరసలు పడతాయి. అంటే 9 సెంటీమీటర్లలో మూసుకోవాల్సిన నెత్తి దాదాపు 70 సెంటీమీటర్లు సాగింది. రెండు ఉండల ఊలు చాలన్నాను, ఆవిడ నాలుగు ఉండలు పోసింది. 13ని ఎనిమిదిసార్లు వేస్తే సరిగ్గా 104. ఆ ఎనిమిదో చుట్టు చివర సరిగ్గా 8 కుట్లు మిగిలాయట. నా డిజైన్‌కి లేని నిండుదనం ఆ తప్పుకి ఉంది. ఇది నాకు మింగుడుపడలేదు.

ఇంతలో అమెరికా నుంచి వదిన ఫోటో. టోపీ పెట్టుకున్నది అన్నయ్యే అని గడ్డం చూసి గుర్తుపట్టాను. గడ్డం పైన అంతా టోపీయే.

వదినకి స్టార్లు పోయినా నష్టం లేదు, ఆవిడ ఎలాగూ చదవదు. పాటర్న్ అడిగిందీ తనే, చదవనిదీ తనే. సూది నంబరు, కుట్ల లెక్క చూసుకుంటుంది, తక్కినదంతా తన ఇష్టం. ఆ చూసుకున్న రెండింట్లోనే బోల్తా పడింది. నా సూదులు మా అమ్మవి, వాటి మీద 8 అని చెక్కి ఉంటుంది. నేను "8 నంబరు సూదులు" అని రాసేశాను. అది పాత బ్రిటిష్ నంబరు, 4 మిల్లీమీటర్ల లావు. అమెరికాలో 8 అంటే 5 మిల్లీమీటర్లు. బ్రిటిష్ లెక్కలో నంబరు పెరిగేకొద్దీ సూది చిక్కిపోతుంది, 14కి వచ్చేసరికి 2 మిల్లీమీటర్లే. అమెరికా లెక్కలో పెరిగేకొద్దీ ఒళ్లు చేస్తుంది. ఈ రెండూ ఎదురెదురుగా నడిచొచ్చి 7 దగ్గర మాత్రం ఢీకొంటాయి, అక్కడ రెండూ 4.5 మిల్లీమీటర్లు. అమ్మ సూదుల మీద 7 ఉండుంటే అన్నయ్య మొహం కనపడేది. లావు సూదులతో వదినకి 10 సెంటీమీటర్లకి 18 కుట్లే వచ్చాయి. 112 కుట్లూ కలిసి 62 సెంటీమీటర్లు.

"ముందు చిన్న చదరం అల్లి, 22 కుట్లు వస్తున్నాయో లేదో కొలుచుకోమని రాశాను కదా వదినా?"

"అదా? నువ్వెంత కష్టపడ్డావో చెప్పుకున్నావనుకున్నాను."

నేనేమీ అనలేకపోయాను. ఆ చదరం ఇంతకుముందు నేను మాత్రం ఎప్పుడు అల్లాను కనుక.

ఇంకొక స్నేహితురాలైతే కుట్లన్నీ ఎక్కించి గుండ్రంగా కలిపేటప్పుడు మెలి పడనిచ్చింది. మెలి పడకుండా చూసుకోండి అని నేను రాయలేదు, నా చేతులు ఎప్పుడూ చూసుకుంటాయి కాబట్టి. ఆ మెలి తర్వాత ఎంత తిప్పినా పోదు, విప్పాల్సిందే. ఆవిడ విప్పకుండా నాలుగు వేళ్ల వెడల్పు అల్లి, ముడేసి, మెడకి తొడుక్కుని తిరుగుతోంది. బాగుందని నలుగురూ అన్నారట.

పిన్నిని కూడా విప్పేయమన్నాను. అల్లింది విప్పడాన్ని ఇంగ్లీషులో ఫ్రాగింగ్ అంటారు. "రిప్ ఇట్, రిప్ ఇట్" అంటే వాళ్ల చెవికి కప్ప అరిచినట్టు ఉంటుందట. మన కప్ప బెకబెక అంటుంది, విప్పడం గురించి ఏమీ అనదు. పిన్ని కూడా అంతే. "208 వరసలు విప్పమంటావా? నీకు చేతులెలా వస్తాయే!" అంది. ఆ తోకని మనవడు మెడ చుట్టూ మఫ్లరులా చుట్టుకుని, కొస చొక్కాలో దోపుకుని తిరుగుతున్నాడట. వాడి స్నేహితులు ముగ్గురు అలాంటిదే కావాలని కూర్చున్నారట. "దాన్ని కూడా పాటర్న్‌గా రాసివ్వు, వాళ్ల అమ్మలకి పంపాలి" అంది.

రాశాను. సూది నంబరు వదిలేసి మిల్లీమీటర్లు రాశాను. మెలి గురించి రెండుసార్లు రాశాను. చదరం అల్లకపోతే పూచీ నాది కాదన్నాను. వరసకి ఒక్క కుట్టే తగ్గేది కాబట్టి స్టార్లతో పనే పడలేదు. మా అబ్బాయికి చూపించి, పంపాక మళ్లీ మూడుసార్లు చదువుకున్నాను. గీత గీసినట్టు ఉంది.

పిన్ని దగ్గర్నుంచి జవాబొచ్చింది: "అన్నీ సన్న అక్షరాలే రాశావేంటే? ముఖ్యమైనవేవో ఎలా తెలుస్తుంది?"