గల్లాపెట్టె దాకా వెళ్లని తనిఖీ

అక్రమ వలసదారుల ఏరివేత అనగానే మన దగ్గర ఒకటే తంతు. తెల్లవారుజామున రేకుల షెడ్డు తలుపు తడతారు. లుంగీల మీదే ఇరవై మందిని బయటికి పిలిచి, గోడవారన వరసగా కూర్చోబెట్టి, చేతికో ఆధార్ కార్డు పట్టించి ఫొటో తీస్తారు. మర్నాడు అది పత్రికల్లో వస్తుంది. అలాంటి ఫొటోలు అచ్చేసేవాళ్లలో మేమూ ఉన్నాం కనుక ఈ మాట అనాల్సిన బాధ్యతా మాదే: ఆ ఫొటోలో యజమాని ఉండడు. వాళ్లను పనిలో పెట్టుకున్నదెవరు, రోజుకు ఎంతిస్తున్నాడు, ఏ రిజిస్టర్లో రాశాడు అని అడిగిన పాపాన ఎవరూ పోరు.

కొత్త వలస, విదేశీయుల చట్టం 2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లో ఉంది. 1920, 1939, 1946, 2000 నాటి నాలుగు చట్టాలను తీసేసి ఆ స్థానంలో తెచ్చింది ఇది. సరైన పాస్‌పోర్టు, వీసా లేకుండా దేశంలోకి వస్తే 5 ఏళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. దొంగ పత్రాలైతే 2 నుంచి 7 ఏళ్లు, లక్ష నుంచి 10 లక్షలు. కఠినంగా ఉండాల్సిందేనని విజయవాడ బెంజి సర్కిల్ నుంచి గుంటూరు అరండల్‌పేట దాకా టీ కొట్ల దగ్గర ఏకాభిప్రాయం. మరి పనిలో పెట్టుకున్నవాడి సంగతేమిటంటే గొంతు తగ్గుతుంది. ‘పాపం, వాళ్లకు మాత్రం మనుషులు ఎక్కడ దొరుకుతున్నారు?’ అంటారు. ఆ ‘పాపం’ ఎవరి వాటాకు పోతోందో చూడండి.

హోటళ్ల వాళ్ల వాదనా ఒకటుంది. మేం పోలీసులం కాదు, కార్డు అసలుదో నకిలీదో మాకేం తెలుస్తుంది, వీళ్లు లేకపోతే ప్లేట్లు ఎవరు కడుగుతారు అంటారు. నిజమే, ఆధార్ నివాసానికి గుర్తింపే గానీ పౌరసత్వానికి రుజువు కాదు. కానీ మేం అడుగుతున్నది పౌరసత్వం తేల్చమని కాదు. పనిచేయించుకున్న మనిషి పేరు పుస్తకంలో రాయమని. ఆ మాత్రం చేయడానికి పోలీసు శిక్షణ అక్కర్లేదు.

ఈ వ్యవహారం ఎలా నడుస్తుందో తెలియనివాళ్లు లేరు, తెలియనట్టు నటించేవాళ్లు తప్ప. యజమాని నేరుగా ఎవరినీ పెట్టుకోడు. పది మంది కావాలని ఏజెంటుకు చెబుతాడు. ఏజెంటు అవతలి రాష్ట్రంలోని మేస్త్రీకి ఫోన్ కొడతాడు. మేస్త్రీ తన చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లను రైలెక్కిస్తాడు. వాళ్లు విజయవాడ స్టేషన్లో దిగేసరికే రైలు చార్జీ, దారి ఖర్చు, ఇంటికిచ్చిన అడ్వాన్సు కలిపి ఒక్కొక్కరి పేరు మీద అప్పు రాసి ఉంటుంది. హోటలు నుంచి డబ్బు తలకింత అని టోకున ఏజెంటుకు వెళ్తుంది. ఇద్దరు కోసుకున్నాక మిగిలింది కుర్రాడికి. పడక మేడ మీది రేకుల గదిలో. కార్డు ‘భద్రంగా’ ఏజెంటు దగ్గర. హాజరు పట్టీలో మాత్రం పేరుండదు. ఈఎస్‌ఐ 10 మంది పనిచేసే చోట, పీఎఫ్ 20 మంది ఉన్నచోట వర్తిస్తాయి కాబట్టి, మూడంతస్తుల హోటల్లోనూ కాగితం మీద తొమ్మిది మందే తేలితే ఆశ్చర్యపోనక్కర్లేదు. మూకుట్లో నూనె చింది చెయ్యి కాలిన రోజున ‘మా మనిషి కాదు, కాంట్రాక్టరును అడగండి’ అంటారు. కాంట్రాక్టరు ఫోను స్విచాఫ్.

ఒడిశా నుంచి, బిహార్ నుంచి వచ్చిన మన దేశస్థుణ్ని కనబడకుండా చేసేది ఈ గొలుసే. సరిహద్దు దాటి వచ్చినవాణ్ని కనబడకుండా చేసేదీ ఇదే. సక్రమంగా వచ్చినవాడి పేరే పుస్తకంలో లేనప్పుడు అక్రమంగా వచ్చినవాడిని ఎక్కడని వెతుకుతారు? అందుకే మొహాలు, యాసలు చూసి వడబోయడం దగ్గర మొదలవుతుంది మన తనిఖీ. బెంగాలీ మాట్లాడితే బంగ్లాదేశీ. చిన్న కళ్లుంటే అనుమానితుడు. 1950 నాటి భారత్‌-నేపాల్ ఒప్పందం ప్రకారం నేపాలీ వాచ్‌మన్‌ ఇక్కడ ఉండి పనిచేసుకోవడానికి వీసా అక్కర్లేదన్న సంగతి అడిగేవాడికీ తెలియదు, జవాబు చెప్పేవాడికీ తెలియదు. 2025లో బెంగాల్‌కు చెందిన వాళ్లను సరిహద్దు అవతలికి నెట్టేసి, కోర్టు మెట్లెక్కాక వెనక్కి తెచ్చుకోవాల్సి వచ్చిన ఉదంతం చూశాం. వాళ్లచేత పనిచేయించుకున్నవాళ్లు ఏ కోర్టు మెట్టయినా ఎక్కారా?

ఈ నాటకం మనం కనిపెట్టింది కాదు. అమెరికా ఎప్పుడో ఆడేసింది. అక్కడ 1952లో చేసిన చట్టం అక్రమంగా వచ్చినవాణ్ని దాచిపెట్టడం నేరమంది. ఆ పక్కనే ఒక చిన్న వాక్యం చేర్చింది: పనిలో పెట్టుకుంటే అది దాచిపెట్టినట్టు కాదు. టెక్సస్ రైతాంగం కోసం పెట్టిన మినహాయింపు అది. అంటే ఆకలేసినవాడికి ఇంట్లో చోటిస్తే నేరస్థుడివి, అదే మనిషిచేత పొలంలో పత్తి తీయించుకుంటే పెద్దమనిషివి! ఈ విడ్డూరం 34 ఏళ్లు సాగింది. 1986 నవంబరులో రీగన్ సంతకం చేసిన చట్టంతో తొలిసారి యజమానికి జరిమానా వచ్చింది. తొలి తప్పుకు మనిషికి 250 నుంచి 2,000 డాలర్లు. అదే అలవాటుగా పెట్టుకుంటే 6 నెలల దాకా జైలు. పనిలో చేరిన 3 పనిదినాల్లోగా కాగితాలు చూసి ఐ-9 అనే ఫారం పూర్తిచేయాలి.

బాగానే ఉంది కదా? అందులో ఒక్క మాట మొత్తం చట్టాన్ని మింగేసింది. ‘తెలిసి’ పనిలో పెట్టుకుంటేనే నేరం. చూపించిన కార్డు అసలుదానిలా కనబడితే చాలు, యజమానికి తెలియనట్టే లెక్క. దాంతో నకిలీ కార్డుల వ్యాపారం పెరిగింది. కూలీలను సరఫరా చేసే కాంట్రాక్టర్లు పుట్టుకొచ్చారు. తప్పు కాంట్రాక్టరుది, పని కంపెనీది. 2019 ఆగస్టులో మిసిసిపీలో కోడిమాంసం ఫ్యాక్టరీలు ఏడింటిపై దాడి చేసి ఒక్కరోజులో 680 మంది కార్మికులను పట్టుకున్నారు. అభియోగాలు మోపడానికి మేనేజర్లు, సిబ్బంది వ్యవహారాలు చూసేవాళ్లు కలిపి నలుగురు దొరకడానికి ఏడాది పట్టింది. అక్కడ సర్వేల్లో యజమానిని శిక్షించాలా అని అడిగితే అవుననేవాళ్లే దశాబ్దాలుగా ఎక్కువ. జనాభిప్రాయం ఒకవైపు, బేడీలు ఇంకోవైపు.

అక్కడిదాకా ఎందుకు, మన ఇళ్లలోకే చూసుకుందాం. విజయవాడ, గుంటూరుల్లో డాలస్‌కో న్యూజెర్సీకో పిల్లను, పిల్లవాణ్ని పంపని వీధి ఉందా? చదువు వీసా మీద వెళ్లినవాళ్లు తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్ లోపల వారానికి 20 గంటలే పనిచేయాలి. అనుమతి లేకుండా బయట పనిచేస్తే వీసా హోదాకే ఎసరు. అయినా రాత్రిళ్లు గ్యాస్ స్టేషన్లో, ఇండియన్ రెస్టారెంట్ వెనక గదిలో చేతికి నగదు తీసుకుని పనిచేసేవాళ్లున్నారని ప్రతి తండ్రికీ తెలుసు. అక్కడి కేంద్ర కనీస వేతనం 2009 నుంచి గంటకు 7.25 డాలర్లు. అంతకన్నా తక్కువ చేతిలో పెట్టి ‘మనవాడివే కదా, సర్దుకో’ అనే యజమాని మన తెలుగువాడే కావడమూ కద్దు. దొరికిన రోజు అప్పు మోసుకుంటూ విమానమెక్కేది కుర్రాడు. మర్నాడు ఆ కౌంటర్లో ఇంకో కుర్రాడు నిలబడతాడు.

2019లో మిషిగన్‌లో అక్కడి ప్రభుత్వమే నడిపిన దొంగ యూనివర్సిటీ వలలో మన పిల్లలు పడినప్పుడు ఇక్కడ అందరం ఏమన్నాం? పిల్లలదేం తప్పు, ఆశపెట్టి చేర్పించినవాళ్లను పట్టుకోండి అన్నాం. 2025 ఫిబ్రవరిలో 104 మందిని సంకెళ్లేసి సైనిక విమానంలో అమృత్‌సర్‌లో దించినప్పుడు కళ్లు చెమర్చాయి. సబబే. ఆ కన్నీళ్లు విజయవాడ గవర్నర్‌పేట హోటలు వెనక గిన్నెలు తోమే కుర్రాడి దగ్గరికి వచ్చేసరికి ఎందుకు ఇంకిపోతున్నాయి? మనవాడు బాధితుడు, పరాయివాడు నేరస్థుడు. ఇద్దరి కష్టం మీదా బతికేవాడు మాత్రం ‘పాపం, వ్యాపారి’!

గల్ఫ్‌ సంగతి ఇంకా ఘోరం. అకామా, అంటే అక్కడ ఉండి పనిచేసుకునే అనుమతి కార్డు, రెన్యువల్ చేయించాల్సింది కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న యజమాని. అతను చేయించకపోతే పనివాడు రాత్రికి రాత్రి ఖల్లివల్లి, అంటే చెల్లే కాగితాల్లేని మనిషి, అయిపోతాడు. అంటే అక్రమ వలసదారుణ్ని తయారుచేసేదే యజమాని. ఆ గల్ఫ్‌లోనూ యూఏఈ 2024లో చట్టం మార్చి, పర్మిట్ లేకుండా పనిలో పెట్టుకున్న యజమానికి లక్ష నుంచి 10 లక్షల దిర్హాముల జరిమానా పెట్టింది. బ్రిటన్‌ 2024 ఫిబ్రవరి నుంచి తొలి తప్పుకే మనిషికి 45,000 పౌండ్ల దాకా వసూలు చేస్తోంది. అంతకు ముందు అది 15,000.

అయితే జరిమానా అంకె పెంచేస్తే సరిపోతుందని మేం అనడం లేదు. అమెరికాలో 1986 చట్టం వచ్చాక ఏం జరిగిందో అక్కడి పార్లమెంటు ఆడిట్ సంస్థే 1990లో తేల్చింది: జరిమానాకు భయపడి చాలామంది యజమానులు పరాయిగా కనబడినవాళ్లను, యాస వేరుగా ఉన్నవాళ్లను పౌరులైనా సరే పనిలోకి తీసుకోవడం మానేశారు. ఇక్కడ గుడ్డిగా జరిమానా పెడితే రేపు బెంగాల్‌లోని మాల్దా కుర్రాడికి, ఒడిశాలోని బాలాసోర్ కుర్రాడికి పనిచ్చేవాడుండడు. ఆ పాపం మళ్లీ కూలీ నెత్తినే. కాబట్టి శిక్ష ‘ఎవరిని పెట్టుకున్నావు’ అన్నదానికి కాదు, ‘ఎలా పెట్టుకున్నావు’ అన్నదానికి పడాలి. పుస్తకంలో రాయకుండా పెట్టుకున్నావా, చెల్లించు. అతను గుంటూరువాడైనా, ఢాకావాడైనా.

పట్టుకోవడం కష్టమనే సాకు మా దగ్గర చెల్లదు. గుంటూరు చుట్టూ ఉన్న కోల్డు స్టోరేజీలనే తీసుకోండి. సీజన్లో ఏ రోజు ఎన్ని మిర్చి టిక్కీలు (బస్తాలు) లోపలికి వెళ్లాయో ఇన్‌వర్డ్ పుస్తకంలో ఉంటుంది, ఎందుకంటే అద్దె దాని మీదే కదా. మాటవరసకు ఒక రోజు 2,000 టిక్కీలు ఎక్కాయనుకుందాం. హాజరు పట్టీలో ఆరుగురే ఉన్నారు. టిక్కీ 40 కిలోలు వేసుకున్నా మనిషి వంతుకు 333 టిక్కీలు, 13 టన్నులు పైమాట. బయట ఎండ మండుతుంటే లోపలి చలిలోకి, పై అంతస్తుల దాకా మోసింది ఆరుగురేనా? పక్కన కాగితం పెట్టి భాగహారం చేస్తే దొంగ దొరుకుతాడు. హోటల్లో బియ్యం బస్తాల బిల్లు, కట్టడం దగ్గర సిమెంటు లెక్క ఇలాంటివే. సరుకు పుస్తకంలో తప్పు రాయరు. మనుషుల పుస్తకంలోనే రాస్తారు.

చట్టం లేదనీ అనొద్దు. కాంట్రాక్టరు కూలీ ఎగ్గొడితే అసలు యజమానే చెల్లించాలని 1970 నాటి కాంట్రాక్టు కార్మిక చట్టం చెప్పింది; దాని స్థానంలో వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లోనూ ఆ మాట ఉంది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం ఐదుగురుంటే చాలు వర్తించేది, ఫొటోతో పాస్‌బుక్కు ఇమ్మంది. ఆ పాస్‌బుక్కు ఎన్ని చేతుల్లో ఉండేదో కార్మిక శాఖే చెప్పాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన ఆ కొత్త కోడ్ ఈ ఐదును పది చేసింది. కాంట్రాక్టు లైసెన్సు అవసరమయ్యే సంఖ్యను 20 నుంచి 50కి పెంచింది. ఒకపక్క చొరబాటుదారులంటూ గుండెలు బాదుకుంటూ, ఇంకోపక్క వాళ్లు దాక్కునే చీకటి కొట్టును ఇంకాస్త పెద్దది చేశామన్నమాట. దీన్నేమంటారో ఢిల్లీ పెద్దలే సెలవివ్వాలి.

ఐరోపా సమాఖ్య 2009లోనే ఒక దారి చూపింది. అక్రమంగా ఉన్న మనిషి దొరికితే, యజమాని వేరే రుజువు చూపలేనంతవరకూ అతను కనీసం 3 నెలలుగా పనిచేస్తున్నట్టే లెక్కగట్టి ఆ కూలీ కట్టించాలి. వెనక్కి పంపే ఖర్చూ యజమాని నెత్తినే. ఇందులో కిటుకు గమనించండి. చౌక అని పెట్టుకున్న మనిషే ఖరీదైపోతాడు. కూలీ అందుతుందనుకుంటే కార్మికుడే వచ్చి ఫిర్యాదు చేస్తాడు. పట్టుబడితే గెంటేస్తారు, బకాయి పోతుంది అనుకుంటే నోరు విప్పడు, ఏజెంటు చెప్పినట్టల్లా వింటాడు. మన తనిఖీలు చేస్తున్నది ఈ రెండో పనే. అంటే ఏజెంటుకు ఉచితంగా కాపలా కాస్తున్నాయి.

ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల కలెక్టర్లకు, కార్మిక శాఖ అధికారులకు ఒక్కటే చెబుతున్నాం. తనిఖీ బృందం హోటల్లోకి వెళ్లాల్సింది ముందు తలుపులోంచే. లోపల అడుగుపెట్టగానే ఎదురుగా గల్లాపెట్టె ఉంటుంది. దాని వెనక కూర్చున్న పెద్దమనిషిని హాజరు పట్టీ, వేతనాల పుస్తకం, కాంట్రాక్టరు ఒప్పందం, బ్యాంకులో జీతాలు పడిన చీటీ అడగండి. ఆయన టీ తెప్పిస్తానంటే వద్దనండి. అవి చూశాక కిచెన్‌లోకి వెళ్లి తలలు లెక్కపెట్టండి. ముందే దొడ్డిదారిన కిచెన్‌లోకి దూరి గిన్నెలు తోమేవాడి మెడ పట్టుకుని, వచ్చిన దారినే బయటికి తీసుకుపోయే పనైతే అసలు బయల్దేరకండి. ఆ ఫొటో కోసం మా విలేకరినీ పిలవకండి.